నెలనెలా పదవీ విరమణ

చంద్రవంక విశ్వవిద్యాలయం పెట్టి పాతికేళ్లయినా, అందులో పీహెచ్‌డీకి చేరినవాళ్లలో ఎంతమంది పూర్తిచేశారని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. ఎంతమంది చేరారని మాత్రం అడిగేవారు. ఆ సంఖ్య చూడముచ్చటగా ఉండేది కాబట్టి గేటు పక్కన బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించారు కూడా. అలాంటిది ఆ ఏడు నవంబరులో మదింపు సంఘం నుంచి ఒక ఉత్తరం ఊడిపడింది. మార్చి ముప్ఫైన మా బృందం మూడు రోజుల పరిశీలనకు వస్తుంది, గత పన్నెండేళ్లలో చేరిన పరిశోధకులెందరో, పట్టా పుచ్చుకున్నవారెందరో వివరాలు సిద్ధంగా ఉంచండి అని అందులో ఉంది.

పరిశోధన సెక్షన్ సూపరింటెండెంటు మస్తాన్ వలి నాలుగు బీరువాలు దులిపి, తుమ్మి తుమ్మి, వివరాలు బయటికి తీశాడు. చేరినవారు నాలుగు వందల పన్నెండు మంది. పూర్తిచేసినవారు ముప్ఫై ఏడుగురు. కాగితం చూసి ఉపకులపతి ఆచార్య కోదండపాణిగారి గుండెలో రాయి పడింది.

"తొమ్మిది శాతమా? సున్నా ఏదైనా ఎగిరిపోయిందేమో చూడవయ్యా" అన్నారు.

"రెండుసార్లు చూశానండి. రెండోసారి ఇంకొంచెం తగ్గింది" అన్నాడు మస్తాన్ వలి.

పూర్తి చేయనివాళ్లలో వింధ్యారాణి ఒకతె. జంతుశాస్త్ర విభాగం. మిరప తోటలను పీల్చి పిప్పిచేసే తామర పురుగు మీద పరిశోధన. ఆ పురుగు గుడ్డులోంచి బయటపడి, పెరిగి, తాను గుడ్లు పెట్టడానికి ఇరవై రోజులు చాలు. వింధ్యారాణి చేరి ఎనిమిదో ఏడు నడుస్తోంది.

అలాగని ఆవిడేమీ ఖాళీగా కూర్చోలేదు. థీసిస్ రాయడం పూర్తయి రెండేళ్లు దాటింది. నల్ల అట్ట వేయించి, బంగారు రంగు అక్షరాలు కొట్టించి, అయిదు ప్రతులు బీరువాలో పెట్టింది. గైడుగారి సర్టిఫికెట్టు మీద సంతకం ఒక్కటే తక్కువ. ఎనిమిదేళ్లు దాటితే ఎవరికీ గడువివ్వకూడదని రూలు. ఆవిడ ఎనిమిదేళ్లూ మార్చి ముప్ఫై ఒకటి సాయంత్రం అయిదింటితో సరి. ఆలోగా థీసిస్ సెక్షన్‌లో పడకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. చేలగట్ల వెంట తిరిగిన తిరుగుడు, సూక్ష్మదర్శిని ముందు పోగొట్టుకున్న కళ్లు, అన్నీ ఉత్తి పుణ్యానికే.

చేరినప్పుడు కడుపులో ఉన్న కూతురు ఇప్పుడు రెండో తరగతి. స్కూలు డైరీలో 'తల్లి వృత్తి' అన్న చోట ఆ పిల్ల తనంతట తానే 'స్టూడెంట్' అని రాసుకుంది. టీచరు అది కొట్టేసి ఎర్ర సిరాతో 'గృహిణి' అని దిద్దింది. ఆ దిద్దుబాటు చూసిన రోజు వింధ్యారాణికి అన్నం దిగలేదు.

గైడు ఆచార్య త్రివిక్రమరావుగారు చెడ్డవాడేం కాదు. కోపమన్నది ఎరగడు. ఎప్పుడు సంతకం మాటెత్తినా నవ్వుముఖంతో "చూద్దాంలేమ్మా, తొందరేముంది" అనేవాడు. ఆయనకు నలభై ఏడేళ్లు, ఇంకా పదిహేనేళ్ల సర్వీసు. ఆయనకు నిజంగానే తొందరలేదు. ఆయన చేయాల్సిన పనులు కొన్ని వింధ్యారాణి చేస్తూండేది. ఎన్నన్నది అప్పటికి ఎవరూ పట్టించుకోలేదు, ఆవిడతో సహా.

డిసెంబరులో ఉపకులపతిగారు కమిటీ వేశారు. పీహెచ్‌డీ ఎవరు పూర్తిచేస్తున్నారు, ఎందుకు పూర్తిచేస్తున్నారు అన్నది తేల్చాలి. కమిటీలో త్రివిక్రమరావుగారు సభ్యుడు. అందుచేత సమావేశానికి వింధ్యారాణి వెళ్లి, చివరి కుర్చీలో కూర్చుని మినిట్స్ రాసింది.

గణాంకశాస్త్రం ఆచార్య విశ్వపతిగారు నివేదిక చదివారు. "బంగారు పతకాలకూ, పరిపూర్తికీ సహసంబంధం కనబడలేదు. ఫెలోషిప్పుకూ కనబడలేదు. తెలివితేటలకు ఉందేమోనని ప్రత్యేకంగా పరిశీలించాం. ఉన్నంతలో అది వ్యతిరేక దిశలో ఉంది. నిర్ణయాత్మక కారకం ఒక్కటే. ముప్ఫై ఏడుగురిలో ముప్ఫై నలుగురు తమ గైడుగారి పదవీ విరమణకు ముందు, ఆఖరి నెలలో పూర్తిచేశారు."

"మిగతా ముగ్గురు?" అన్నారు ఉపకులపతి.

"ఇద్దరి గైడ్లు కాలం చేశారండి. వారి స్థానంలో వచ్చినవారికి ఈ పిల్లలెవరో తెలియక సంతకం పెట్టేశారు."

"మూడో అభ్యర్థి?"

"గైడుగారి అమ్మాయి."

ఉపకులపతిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మరణం విశ్వవిద్యాలయ పరిధిలోని అంశం కాదు. సంతానం కూడా కాదు. పదవీ విరమణ మాత్రం మన పరిధిలోనిదే" అన్నారు.

చివరి కుర్చీలోంచి వింధ్యారాణి ఉండబట్టలేక చెయ్యెత్తింది. "సార్, రిటైరైపోతే గైడుకి ఇక స్కాలర్‌తో పనుండదు కదండీ. అందుకే వదిలేస్తారేమో."

అందరూ ఆవిడ వంక చూశారు. ఉపకులపతిగారు సౌమ్యంగా, "అమ్మా, మీరు మినిట్స్ రాయండి" అన్నారు. ఆ మాట కూడా ఆవిడ మినిట్స్‌లో రాసింది.

కమిటీ లోతుగా చర్చించి తేల్చిందేమంటే, పదవీ విరమణ సభలో ఏదో ఉంది. మెడలో చామంతి దండ పడుతుంది, భుజాన శాలువా పడుతుంది, సన్మానపత్రం చదువుతుంటే మనిషి మెత్తబడతాడు, అవతలివాళ్ల కష్టం కంటికి కనబడుతుంది, చెయ్యి దానంతటదే సంతకం వైపు కదులుతుంది. అలాంటి మహత్తర సన్నివేశాన్ని ఉద్యోగ జీవితంలో ఒక్కసారికే పరిమితం చేయడం జాతి వనరుల దుర్వినియోగమని విశ్వపతిగారు అభిప్రాయపడ్డారు. ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది. దాని పేరు 'పరిశోధనా పరిపూర్తి ప్రేరక ఆవర్తక పదవీ విరమణ పథకం'. మామూలు మాటల్లో చెప్పాలంటే, గైడ్లందరూ జనవరి ముప్ఫై ఒకటిన రిటైరవుతారు. ఫిబ్రవరి ఒకటిన మళ్లీ చేరతారు.

జనవరి ముప్ఫై ఒకటిన ఆడిటోరియం కిటకిటలాడింది. నలభై నలుగురు ఆచార్యులు వేదిక మీద వరసగా కూర్చున్నారు. ఉద్యోగంలో చేరి మూడేళ్లయినా కాని ముప్ఫై రెండేళ్ల కుర్రమాస్టారు ఒకాయన మైకు ముందుకొచ్చి, "నా ఈ సుదీర్ఘ ప్రస్థానంలో" అని మొదలుపెట్టి గొంతు పూడుకుపోయి కూర్చున్నాడు. సహధర్మచారిణులను వేదిక మీదికి పిలిచి రెండు ముక్కలు మాట్లాడమన్నారు. రసాయనశాస్త్రం ఆచార్యులవారి భార్య, "ఇకనుంచైనా ఇంటిపట్టున ఉంటారని ఆశ" అంది. రేపు మళ్లీ చేరతారని ఆమెకెవరూ చెప్పినట్టు లేదు.

చెప్పొద్దూ, పథకం పారింది. దండలు పడటమే తడవు, కళ్లు తుడుచుకుంటూ గైడ్లు సంతకాలు పెట్టేశారు. ఒక్క పూటలో అరవై ఒక్క థీసిస్‌లు. అందులో ఒకటి ఇంకా రాయడం మొదలుపెట్టనిది కూడా ఉందని తర్వాత తెలిసింది.

త్రివిక్రమరావుగారి సన్మానపత్రం వింధ్యారాణే రాసింది. దండ తెచ్చింది తనే, చదివింది తనే. 'శిష్యవత్సలులు' అన్న మాట దగ్గర ఆయన కళ్లు చెమర్చడం గమనించి, ఇదే అదనని సర్టిఫికెట్టు, పెన్ను ముందు పెట్టింది. ఆయన పెన్ను చేతిలోకి తీసుకున్నాడు. 

"రేపు నేను మళ్లీ చేరాలి కదమ్మా" అన్నాడాయన.

"అవునండి."

"ఆ చేరిక కాగితాలు, మెడికల్ సర్టిఫికెట్టు, అవన్నీ ఎవరు చూస్తారు? నువ్వే కదా. ముందు అవి కానివ్వు, తర్వాత చూద్దాంలే" అని ఆప్యాయంగా పెన్ను మూత పెట్టి వాపసిచ్చాడు.

ఆ అరవై ఒక్కటీ కలిపితే తొమ్మిది శాతం ఇరవై నాలుగైంది. జిల్లా పేజీలో ఫోటో పడింది. ఉపకులపతిగారికి ఊపొచ్చింది. అసలు మధ్యలో మానేసి వెళ్లిపోయినవారు రెండు వందల ముప్ఫై మంది ఉన్నారు, వాళ్లను ఏం చేయాలన్న ప్రశ్న పుట్టింది. వారంతా 'స్వచ్ఛంద పదవీ విరమణ' చేసినవారేనని సిండికేట్ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఇంటికొక శాలువా పోస్టులో పంపి జాబితాలోంచి పేర్లు తీసేశారు. చిలకలూరిపేటలో చీరల కొట్టు పెట్టుకున్న ఒక మాజీ పరిశోధకుడు, తన శాలువా రంగు బాగాలేదని తిరుగుటపాలో పంపించాడని వినికిడి.

ఇక మిగిలింది నూట ఎనభై రెండు మంది. అందులో తొంభై ఎనిమిది మంది అయిపోయారు. మిగతావాళ్ల కోసం ఫిబ్రవరి ఆఖర్న మళ్లీ రిటైరయ్యారు. ఈసారి సంతకాలు తొమ్మిదే పడ్డాయి. గైడ్లు రాటుదేలిపోయారు. దండలు వేయించుకున్నారు, భోజనం చేశారు, పెన్ను మాత్రం జేబులోంచి తీయలేదు.

"విరమణలో వాస్తవికత లోపించింది" అని విశ్వపతిగారు విశ్లేషించారు.

వాస్తవికత పెంచారు. మార్చి నుంచి వారం వారం విరమణ. రిటైరైన గైడు పేరు పలక ఊడదీస్తారు. కుర్చీ తీసుకుపోతారు. లైబ్రరీ కార్డు లాక్కుంటారు. క్వార్టర్స్ ఖాళీ చేయించి సామాను రోడ్డు మీద పెడతారు. మర్నాడు పొద్దున చేరిక కాగితాలు అందాకే లోపలికి చేర్చుకోనిస్తారు. ఎండలో బీరువా పక్కన నిలబడ్డ గైడు దగ్గరికి శిష్యుడు సర్టిఫికెట్టుతో వెళితే, మంచినీళ్లిచ్చాడన్న కృతజ్ఞతతోనైనా పెట్టేస్తాడు. అలా మార్చి మూడో వారానికి నూట ఎనభై ఒక్క మంది తేలిపోయారు.

త్రివిక్రమరావుగారి సామాను రోడ్డున పడ్డ ప్రతిసారీ, మంచం కోళ్లు ఊడదీసి బిగించింది వింధ్యారాణి. మిక్సీ గిన్నె పగలకుండా పాత చీరలో చుట్టి పెట్టింది. చేరిక కాగితాలు పట్టుకుని సెక్షన్ల చుట్టూ కాలికి బలపం కట్టుకుని తిరిగింది. ఆయన పక్కింటి అరుగు మీద కూర్చుని, "నువ్వు లేకపోతే ఏమైపోయేవాణ్ణమ్మా" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. అదే ఆవిడ కొంప ముంచింది.

మూడో వారంలో ఒక సాయంత్రం మంచం బిగించాక ఆవిడ అడిగేసింది. "సార్, ఇంక పదిరోజులే ఉంది. సంతకం పెట్టండి సార్."

"థీసిస్ ఇంకొంచెం పండాలమ్మా. ఆ మూడో అధ్యాయంలో లోతు చాలలేదు."

"మూడో అధ్యాయంలో ఏముందో చెప్పండి సార్."

ఆయన కాసేపు కొబ్బరిచెట్టు వంక చూశాడు. "అదే, లోతు" అన్నాడు. ఆయన థీసిస్ అట్ట కూడా తిప్పలేదని ఆవిడకు ఎప్పటినుంచో తెలుసు. కానీ ఆ సాయంత్రం మొదటిసారి ఒళ్లు మండింది.

మర్నాడు నేరుగా ఉపకులపతిగారి దగ్గరికి వెళ్లింది. ఆయన గౌరవంగా కూర్చోబెట్టి కాఫీ తెప్పించారు.

"మీ విషయం మా దృష్టిలో ఉందమ్మా. నూట ఎనభై రెండులో నూట ఎనభై ఒకటి. మీరొక్కరే మిగిలారు. ప్రస్తుత శాతం తొంభై తొమ్మిదిన్నర."

"గైడుగారిని పిలిచి ఒక్క మాట చెప్పండి సార్."

"గైడు సంతకం వారి విద్యావిషయక అంతరాత్మకు సంబంధించింది. విశ్వవిద్యాలయం అందులో వేలు పెట్టదు. పైగా ఆందోళన పడాల్సిన పనే లేదు. ముప్ఫై ఒకటి సాయంత్రంతో మీ రిజిస్ట్రేషన్ దానంతటదే రద్దవుతుంది. మదింపు బృందానికి అంకెలు సమర్పించేది ఒకటో తారీఖున. అప్పటికి మీరు జాబితాలో ఉండరు. నూటికి నూరు శాతం" అని ఆయన సంతృప్తిగా వెనక్కి వాలారు. "కాఫీ తాగండి, చల్లారిపోతుంది."

వింధ్యారాణికి ఏడుపు తన్నుకొచ్చింది. కాఫీ అక్కడే వదిలేసి, కళ్లొత్తుకుంటూ మస్తాన్ వలి సెక్షన్‌కు వచ్చి కూలబడింది. ఆయన ఫైలు పక్కన పెట్టి, గ్లాసుడు మంచినీళ్లిచ్చి, మొత్తం విన్నాడు. విని, సొరుగులోంచి పథకం ఉత్తర్వు తీసి వేలు పెట్టి వెతికాడు.

"ఏందమ్మా, నువ్విట్టా ఏడిస్తే ఎట్టా. ఇదిగో చూడు, మూడో పేరా. పెద్దసారు ఊపులో ఏం రాశారో. 'పరిశోధనా విభాగంలో పెండింగు పని కలిగిన ప్రతి వ్యక్తికీ ఈ పథకం వర్తించును.' గైడ్లకని రాయలేదు. ప్రతి వ్యక్తికీ అన్నారు. నీకు పెండింగు పనుందా, లేదా?"

"నాది ఒక్కటే కదండీ పెండింగు."

"అయితే నువ్వు గూడా రిటైరవ్వచ్చు."

వింధ్యారాణి బిత్తరపోయింది. "నేను రిటైరైతే ఏమొస్తుందండీ?"

"సన్మానం వచ్చుద్ది. అది గాదు నే చెప్పేది. రిటైరయ్యేవాళ్లు రెండు పనులు చెయ్యాల. ఒకటి, వేదిక మీద సేవా వివరాలు చదివించుకోవాల. రెండు, చార్జి అప్పగించాల. నువ్వు ఇన్నాళ్లు చేసిన పనులన్నీ వరసగా రాసి, ఇకనుంచి అయ్యి ఎవరు చెయ్యాలో వాళ్లకి ఒప్పజెప్పాల. వాళ్లు కింద సంతకం పెట్టి తీసుకోవాల. గైడ్లందరూ ఇయ్యి రెండూ ఎగ్గొడతన్నారు, నేను చూసీ చూడనట్టు ఊరుకుంటన్నా. నువ్వు ఎగ్గొట్టబాకు."

వింధ్యారాణి కళ్లు తుడుచుకుంది. "కాగితం ఉందా అండీ?"

"ఎన్ని గావాల?"

పద్నాలుగు కావలసి వచ్చాయి. ఆ వారమంతా పగలు గైడుగారి పని చేయడం, మధ్యాహ్నం భోజనం వేళ అది ఏ పనో జాబితాకెక్కించడం. రాస్తుంటే తనకే ఆశ్చర్యమేసింది. కొన్ని పనులు తాను చేస్తున్నట్టే అప్పటిదాకా తట్టలేదు. రాస్తూ రాస్తూ ఒకచోట నవ్వొచ్చింది, రెండు పేజీల తర్వాత తన మీద తనకే చచ్చేంత కోపమొచ్చింది.

మార్చి ముప్ఫైన మదింపు బృందం దిగింది. ముగ్గురు సభ్యులు. అధ్యక్షురాలు తెలుగావిడే, పెద్దగా మాట్లాడదు, చిన్న నోటుపుస్తకంలో రాసుకుంటూ ఉంటుంది. వారికి పథకాన్ని కళ్లారా చూపించాలని ఉపకులపతిగారు ప్రత్యేక విరమణ సభ ఏర్పాటు చేశారు. త్రివిక్రమరావుగారు ఏడోసారి రిటైరయ్యారు. "మా విశ్వవిద్యాలయంలో పదవీ విరమణ ముగింపు కాదు, ఒక నిరంతర ప్రక్రియ" అని ఉపకులపతిగారు సెలవిచ్చారు.

అప్పుడు మస్తాన్ వలి మైకు దగ్గరికొచ్చి, గొంతు సవరించుకుని చదివాడు. "తదుపరి, ఉత్తర్వు మూడో పేరా ప్రకారం పదవీ విరమణ చేయుచున్నవారు శ్రీమతి వింధ్యారాణి, పరిశోధకురాలు, జంతుశాస్త్ర విభాగం. సేవాకాలం ఎనిమిదేళ్లు."

ఉపకులపతిగారు విశ్వపతిగారి వంక చూశారు. విశ్వపతిగారు ఉత్తర్వు తిరగేసి, మూడో పేరా దగ్గర ఆగి, ఉన్నమాటేనన్నట్టు తలూపారు. "శుభం. పథకం విస్తరిస్తోంది" అన్నారు ఉపకులపతి, అతిథుల వైపు తిరిగి. ఎవరో వింధ్యారాణి మెడలో దండ వేశారు. ఆవిడ మైకు ముందుకొచ్చి పద్నాలుగు కాగితాలు తీసింది.  మైకును గట్టిగా పట్టుకుంది.

"గౌరవనీయులకు నమస్కారం. నేను చేస్తూ వచ్చిన పనులను మా గైడుగారికి చార్జి అప్పగిస్తున్నాను. ఒకటి. మొదటి సంవత్సరం ఎమ్మెస్సీ క్లాసు, సోమవారం నుంచి శుక్రవారం, ఉదయం తొమ్మిదింటికి. రెండు. ఆ క్లాసు హాజరు పట్టీలో గైడుగారు పాఠం చెప్పినట్టు రాయడం. మూడు. ఇంటర్నల్ పరీక్షల జవాబు పత్రాలు దిద్దడం. నాలుగు. సెమిస్టరు పేపర్లు, సంవత్సరానికి రెండు దఫాలు."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. అధ్యక్షురాలు నోటుపుస్తకం తెరిచింది.

"తొమ్మిది. గైడుగారి పేరు మీద అచ్చయిన ఆరు పరిశోధన వ్యాసాలు రాయడం. పది. వాటిని విమర్శించినవారికి గైడుగారి తరఫున మర్యాదగా జవాబివ్వడం. పదకొండు. సదస్సుల్లో ఆయన చేయవలసిన కీలకోపన్యాసాలు. పన్నెండు. కారు ఇన్సూరెన్సు గుర్తుపెట్టుకోవడం. పదమూడు. వారి అబ్బాయి ఏడో తరగతి సైన్సు ప్రాజెక్టు, అగ్నిపర్వతం. పద్నాలుగు. అగ్నిపర్వతం పేలకపోతే మళ్లీ చేయడం."

గైడ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకోవడం మానేసి, తమ తమ శిష్యులు ఎక్కడ కూర్చున్నారో వెతుక్కోసాగారు. ఇద్దరు ముగ్గురు శిష్యులు జేబుల్లోంచి కాగితాలు తీసి రాసుకోవడం మొదలుపెట్టారు. త్రివిక్రమరావుగారు కుర్చీలో అటూ ఇటూ మెసిలాడు. నవ్వుముఖం అలాగే ఉంది కానీ నవ్వు లేదు.

"ఇరవై రెండు. ఉత్తమ ఆచార్య పురస్కారానికి దరఖాస్తు. అందులో 'నాకు బోధన అంటే ఎందుకు ప్రాణం' అనే మూడు పేజీల వ్యాసం. ఇరవై మూడు. ఆ పురస్కారం వచ్చినందుకు కృతజ్ఞతోపన్యాసం. ఇరవై నాలుగు. మిగతా అయిదుగురు పరిశోధకుల థీసిస్‌లు గైడుగారి బదులు చదివి..."

"అమ్మా" అన్నాడు త్రివిక్రమరావు. ఆయన ఎప్పుడు లేచాడో, పక్కకొచ్చి నిలబడి ఉన్నాడు. మైకు మీద అరచెయ్యి అడ్డం పెట్టి, "ఇంక చాల్లే. ఆ కాగితాలిటివ్వు" అన్నాడు.

"ఇస్తాను సార్. చార్జి అప్పగించడానికేగా చదువుతున్నది. కింద సంతకం పెట్టండి, ఇవన్నీ ఇకనుంచి మీరు చేస్తారని."

ఆయన కిందనున్న గీత చూశాడు. అధ్యక్షురాలి కలం వంక చూశాడు. అక్కడ సంతకం పెడితే ఇన్నేళ్లూ ఆ పనులు తాను చేయలేదని ఒప్పుకున్నట్టే.

"పెట్టకపోతే?" అన్నాడు గుసగుసగా.

వేదిక చివర నిలబడ్డ మస్తాన్ వలి అందుకున్నాడు. "పెట్టకపోతే రూలు ప్రకారం జాబితా మొత్తం చదివి, నకలు బృందం వారికివ్వాలండి. ఇంకా తొమ్మిది పేజీలున్నాయి. ఇంకో దారి గూడా ఉందనుకోండి. అమ్మాయి పని పెండింగు లేకపోతే పథకం అమ్మాయికి వర్తించదు. వర్తించకపోతే విరమణా లేదు, చార్జీ లేదు."

వింధ్యారాణి పద్నాలుగు కాగితాల అడుగునుంచి పదిహేనో కాగితం తీసి పైన పెట్టింది. గైడు సర్టిఫికెట్టు. రెండేళ్ల పాటు ఫైలులో ఉండి అంచులు మెత్తబడింది. త్రివిక్రమరావుగారు పెన్ను తీశాడు. పెట్టబోయే ముందు, ఎనిమిదేళ్లలో మొదటిసారి, థీసిస్ పేరు చదివాడు.

"తామర పురుగా? నల్లి మీద అనుకున్నానే" అన్నాడు.

"నల్లి మీ ఆరో పేపరు సార్" అంది ఆవిడ. ఆయన సంతకం పెట్టేశాడు.

చప్పట్లు మారుమోగాయి. ఉపకులపతిగారు మైకు లాక్కుని, నూట ఎనభై రెండుకు నూట ఎనభై రెండు, నూటికి నూరు శాతం అని ప్రకటించారు. పరిశోధకురాలు విరమిస్తే గైడు సంతకం పెట్టిన ఈ నూతన పరిణామాన్ని లోతుగా అధ్యయనం చేయడానికి కమిటీ వేస్తున్నామన్నారు. ఇకమీదట పరిశోధకులను చేరిన రోజే పదవీ విరమణ చేయించే అవకాశాన్ని ఆ కమిటీ పరిశీలిస్తుందని కూడా అన్నారు. అధ్యక్షురాలు అది కూడా రాసుకుంది.

వింధ్యారాణి దండ తీసి కుర్చీ మీద పెట్టి, సర్టిఫికెట్టు పదిలంగా ఫైలులో సర్దుకుంటుంటే త్రివిక్రమరావుగారు దగ్గరికొచ్చాడు. కోపం లేదు. అదే పాత ఆప్యాయత.

"మొత్తానికి సాధించావు. సంతోషం. రేపు మంగళవారం, ఫస్టియర్ క్లాసుంది. ఎన్నింటికొస్తావు?"

ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది. హాస్యానికి అనలేదు. నిజంగానే అడుగుతున్నాడు. ఎనిమిదేళ్లలో ఆయన మీద వచ్చిన కోపమంతా ఆ ప్రశ్నతో ఎటు పోయిందో పోయింది. వట్టి జాలి మిగిలింది.

"క్లాసు తొమ్మిదింటికి సార్. మీరు ఓ అయిదు నిమిషాలు ముందు వెళ్లండి" అంది.

మర్నాడు పొద్దున అయిదు ప్రతులూ సంచిలో పెట్టుకుని వింధ్యారాణి విభాగం వసారా దాటుతోంది. సెక్షన్ తెరిచే వేళవుతోంది. త్రివిక్రమరావుగారు సుద్దముక్క చేత్తో పట్టుకుని, తలుపు తలుపుకీ తొంగిచూస్తూ వస్తున్నాడు. చివరికి నాలుగో గది గుమ్మంలో ఆగాడు. లోపల ముప్ఫై మంది పిల్లలు లేచి నిలబడ్డారు. ముందు బెంచీలో అమ్మాయి ఆయన్ని ఎగాదిగా చూసి, పాపం దారి తప్పాడనుకుని, ఎంతో మర్యాదగా చెప్పింది.

"రిటైర్మెంటు ఫంక్షన్ ఇక్కడ కాదు సార్, ఆడిటోరియంలో అండి."

ఎనిమిదేళ్ల అలవాటుకి వింధ్యారాణి కాళ్లు ఒక్క క్షణం ఆ గదివైపే లాగాయి. సంచి భుజం మార్చుకుని, సెక్షన్‌కి నడిచింది.